గోళీపరీక్ష

గోళీ అంటే గుండ్రని చిన్న ఆటవస్తువు. 'గోళము' అనే సంస్కృత పదంతో దీనికి గల చుట్టరికం వినగానే స్ఫురిస్తుంది. కోస్తా జిల్లాలలో వీటిని గోళీకాయలు అంటారు. తెలంగాణ పల్లెలలో గోటీలు అనే మాట వాడుకలో ఉంది. ఉత్తరాదివారు కంచే అంటారు. పేరు ఏదైనా ఆడే తీరు దాదాపు ఒక్కటే. ఒక చేతి బొటనవ్రేలిని నేలకు ఆనించి, అదే చేతి నడిమివ్రేలికి గోళీని తగిలించి, రెండవ చేతితో ధనుస్సును వంచినట్లు వెనుకకు లాగి విడిచిపెడతారు. గురి తగిలితే ఎదుటివాని గోళీ టక్కుమని ఎగిరిపడుతుంది. ఈ ఆట సంగతి విద్యార్థులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆడి, గెలిచి, ఓడి, చివరికి ఏదో ఒక రేకు డబ్బాలో పడవేసి మరచిపోయిన ఆ గాజు ముక్క సంగతి మాత్రం చెప్పవలసినది చాలా ఉంది.

పాత గోళీలను శ్రద్ధగా ఏరి, వాటి పుట్టుక తెలుసుకొని, భద్రపరచుకొనేవారు ప్రపంచంలో అనేకులు ఉన్నారు. నాణేలు, తపాలా బిళ్ళలు సేకరించేవారికి ఉన్నంత పట్టుదల వీరికీ ఉంటుంది. అయితే వీరి పని మరికొంత కష్టమైనది. నాణెం మీద రాజు పేరు ఉంటుంది. తపాలా బిళ్ళ మీద దేశం పేరు, వెల ఉంటాయి. మన కావ్యాలలో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్య ఉంటుంది. కవి పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు అందులో తెలుస్తాయి. పుస్తకం మొదటి ఆకులు చెదలు తిన్నా ఆ గద్య ఒక్కటి మిగిలితే చాలు, కవి దొరుకుతాడు. గోళీకి అటువంటి గద్య లేదు. దాని మీద ఒక్క అక్షరం కూడా ఉండదు. అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో పుట్టిందో దాని ఒంటి మీది గుర్తులే చెప్పాలి. ఆ గుర్తులను చదవడమే గోళీపరీక్ష.

పరీక్ష అనే మాట మనకు కొత్త కాదు. రత్నాల మేలుకీళ్ళను పరిశీలించే శాస్త్రానికి మన పూర్వులు రత్నపరీక్ష అని పేరు పెట్టారు. వరాహమిహిరుని బృహత్సంహితలో అందుకు ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. ఇక పిల్లల ఆటల విషయంలోనూ మన సాహిత్యం మౌనంగా లేదు. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో పిల్లలాడుకొనే ఆటల పేర్లు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను 1949లో వెలువరించారు. ప్రాచీన కావ్యాలలోని ఇటువంటి ఆటల ప్రస్తావనలను ఏరి అందులో చర్చించారు. ఆ పేర్లలో కొన్నింటికి అర్థం ఈనాడు ఎవరికీ సరిగా తెలియదు. పేర్లు నిలిచాయి, వస్తువులు పోయాయి. గాజు గోళీల విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. వస్తువులు ఇంకా మన ఇళ్ళలో ఉన్నాయి, వాటి వివరాలే పోతున్నాయి.

గాజు రాకముందు గోళీలు లేకపోలేదు. సింధులోయ నాగరికతకు చెందిన స్థలాలలో రాతితోను, మట్టితోను చేసిన చిన్నచిన్న గుండ్లు దొరికాయి. వాటిలో కొన్నింటిని ఆటవస్తువులుగా పండితులు భావించారు. మన పల్లెలలో ప్రకృతే గోళీలను తయారుచేసి ఇచ్చింది. బూడిదరంగులో నున్నగా గట్టిగా ఉండే గచ్చకాయ, నల్లని కుంకుడు గింజ పిల్లల చేతులలో ఎన్నో ఆటలకు పనికివచ్చాయి. బంకమన్నును ఉండచేసి ఎండబెట్టి, పొయ్యిలో కాల్చి చేసుకున్న మట్టి గోళీలూ ఉండేవి.

గాజు అనేది ఇసుక, సోడా, సున్నం కలిపి తీవ్రమైన వేడిలో కరిగించగా ఏర్పడే పదార్థం. తెలుగులో 'గాజు' అన్న ఒకే మాట పదార్థానికీ చేతి ఆభరణానికీ చెల్లుతుంది. మనవారు ఈ పదార్థాన్ని ముందుగా స్త్రీల ముంజేతిమీదనే చూచి గుర్తుపెట్టుకున్నారేమో అనిపిస్తుంది. ఇసుకలో సహజంగా కొంత ఇనుము కలిసి ఉంటుంది. ఆ ఇనుమువల్ల గాజుకు లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. చవుక సీసాలు, చవుక గోళీలు పచ్చగా కనిపించడానికి కారణం ఇదే. కోబాల్టు కలిపితే నీలం, మాంగనీసు కలిపితే ఊదా రంగు వస్తాయి. రాగి వల్ల నీలి ఆకుపచ్చ నుండి ఎరుపు దాకా రంగులు పుడతాయి.

గాజు గోళీల చరిత్రలో ముందుగా చెప్పుకోవలసిన ఊరు జర్మనీలోని లౌషా. తురింగియా ప్రాంతపు కొండలలో ఉన్న ఈ ఊరు గాజుపనికి ప్రసిద్ధమైనది. 1846 ప్రాంతంలో అక్కడి ఎలియాస్ గ్రైనర్ అనే పనివాడు ఒక ప్రత్యేకమైన కత్తెరను రూపొందించాడు. ఆ కత్తెర కొసన చిన్న గిన్నెవంటి గుంట ఉంటుంది. రంగురంగుల గాజు తీగలను పేర్చి, వాటిపై తేట గాజును పొరగా పోసి, మెత్తగా ఉన్నప్పుడే మెలివేసి పొడవైన కడ్డీగా సాగదీస్తారు. ఆ కడ్డీ కొసను ఈ గిన్నెలో ఉంచి తిప్పుతూ గుండ్రంగా చేసి తుంచుతారు. ఒక కడ్డీ నుండి ఒకదాని వెంట ఒకటిగా అనేక గోళీలు వస్తాయి. తుంచిన ప్రతి గోళీకీ కడ్డీని అంటుకొని ఉన్న చోట ఒక గరుకు మచ్చ మిగిలిపోతుంది. మామిడికాయకు తొడిమ ఊడిన చోటు ఎలా తెలుస్తుందో ఇదీ అలాగే తెలుస్తుంది. చేతితో చేసిన గోళీకి ఇదే ప్రధాన లక్షణం. లోపలి రంగు తీగలన్నీ ఈ మచ్చ దగ్గర మొదలై మెలికలు తిరుగుతూ ఎదుటి కొసకు చేరుతాయి.

ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి లౌషా దాకా పోనవసరం లేదు. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అనే ఊరు ఉంది. అక్కడ తరతరాలుగా గాజుపూసలు చేసేవారు. కొలిమిలో కరిగిన గాజు ముద్దలో రంధ్రం చేసి, దానిని సన్నని గొట్టంగా బారలకొద్దీ లాగి, ఆ గొట్టాన్ని ముక్కలుగా తుంచి, మరల వేడిచేసి అంచులను నునుపు చేసేవారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో ప్రాచీనకాలంలో పూసలు చేసిన విధానానికి ఇది దగ్గరి చుట్టం. అందువల్లనే ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో విదేశీ పరిశోధకులు ఆ ఊరికి వచ్చి, కొలిమి ముందు నిలబడి, ప్రతి దశనూ వ్రాసుకొని పోయారు. వారిలో పీటర్ ఫ్రాన్సిస్ ముఖ్యుడు. కొండాపురం, పెద్దబంకూరు వంటి శాతవాహనుల కాలపు స్థలాలలో దొరికిన పూసలను గురించి ఆలోచించేవారికి కూడా ఈ పరిశీలన ఉపయోగపడుతుంది.

లాగి చేసిన పూసను భూతద్దం కింద ఉంచితే లోపలి గాలిబుడగలు వడ్లగింజల వలె పొడవుగా, రంధ్రం వెంట బారులు తీరి కనిపిస్తాయి. ఇనుప పుల్లకు గాజును చుట్టి చేసిన పూసలో గీతలు రంధ్రం చుట్టూ తిరుగుతాయి. అంటే మెత్తని గాజును ఏ దిక్కుకు లాగారో ఆ దిక్కును అది చల్లారిన తరువాత కూడా మరచిపోదు. గోళీకి సైతం ఇదే సూత్రం వర్తిస్తుంది. బుడగలు సాగి, మెలి వెంట ఒరిగి ఉంటే అది కడ్డీ నుండి పుట్టినదని ఊహించవచ్చు. ఈ ఒక్క విషయం మనసుకు పట్టితే గోళీపరీక్షలో సగం పని పూర్తయినట్లే.

మిగిలిన సగం యంత్రానికి సంబంధించినది. అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో ఏక్రన్ అనే నగరం ఉంది. అక్కడి మార్టిన్ ఫ్రెడరిక్ క్రిస్టెన్సెన్ గాజు గుండ్లను చేసే యంత్రానికి 1905లో పేటెంటు పొందాడు. గాడులు కోసిన రోలర్ల నడుమ మెత్తని గాజు ముద్ద దొర్లుతూ దొర్లుతూ అన్ని వైపులా సమంగా గుండ్రబడుతుంది. తొడిమ మచ్చ ఇక ఉండదు. అయినా మొదటి రోజులలో గాజును కొలిమి నుండి కడ్డీతో తీసి యంత్రంలోకి జారవిడిచే పని మనిషే చేసేవాడు. అలా జారవిడిచేటప్పుడు చేయి తిరిగిన తీరు గోళీ ఒక కొసన 9 అంకెవంటి సుడిగా నిలిచిపోయింది. నూరేళ్ళ కిందటి ఒక కార్మికుని మణికట్టు కదలిక ఇప్పటికీ ఆ గాజులో కనిపిస్తుంది! తరువాత ఆ పని కూడా యంత్రానికే అప్పగించారు. అప్పుడు సుడి పోయి, గాజు ధారను కత్తిరించిన చోట సన్నని గీత మాత్రం మిగిలింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలై జర్మనీ సరుకు రావడం ఆగిపోయింది. అదే సంవత్సరం ఏక్రో ఏగేట్ అనే కంపెనీ పడమటి వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్ పట్టణానికి తరలివెళ్ళింది. 1951లో మూతపడేవరకు అది ప్రఖ్యాతమైన గోళీల కంపెనీలలో ఒకటిగా నిలిచింది. మర మేకు చుట్టలవలె రంగుపట్టీ గోళీని చుట్టుకొని పోయే రకం దాని ప్రత్యేకత. కంపెనీ పేరులోని ఏగేట్ అంటే హైదరాబాదు నగల దుకాణాలలో అకీకు అని పిలిచే రాయి. ఆ రాతిని గాజుతో అనుకరించడం ఆనాటి గోళీలు చేసేవారి ఆశయం.

మన విద్యార్థులకు చిరపరిచితమైనది మాత్రం వేరొక రకం. తేట గాజు నడుమ ఎరుపు, పసుపు, నీలం రంగులలో రెండు మూడు ఆకులు ఒదిగి ఉన్నట్లు కనిపించే గోళీ అది. పిల్లి కంటిపాపను పోలి ఉన్నందువల్ల సేకర్తలు దానిని పిల్లికన్ను అంటారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1950 ప్రాంతంలో, ఈ రకం జపాను నుండి ప్రపంచ విపణిలోకి వచ్చింది. చవుకగా దొరికే ఈ గోళీల ధాటికి అమెరికా కంపెనీలు నిలువలేక తామూ అదే రకం చేయవలసివచ్చింది. ఈ తేదీని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మన ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది.

హైదరాబాదులో గురువారం జరిగే జుమేరాత్ బజారులోను, ఎర్రగడ్డ ఆదివారం సంతలోను పాత వస్తువులు గుట్టలుగా పోసి అమ్ముతారు. అటువంటి చోట్ల ప్రతి వస్తువుకూ 'నిజాం కాలం నాటిది' అనే బిరుదు సులభంగా లభిస్తుంది. హైదరాబాదు సంస్థానం 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసింది. పిల్లికన్ను గోళీని చూపి నిజాం కాలం నాటిదని ఎవరైనా చెబితే ఆ మాటను నమ్మడానికి ఆధారం లేదు. అమ్మేవాడు మోసగాడే కానక్కరలేదు. తానూ ఎవరో చెప్పగా విన్న మాటనే చెబుతుండవచ్చు. కాని కొనేవాని చేతిలో డబ్బు పోవడం మాత్రం నిజం.

ఒకసారి మా శేరిగూడ కళాశాల విద్యార్థి ఒకడు రేకు డబ్బా ఒకటి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. అది పాత ఇంటి గోడ గూటిలో దొరికిందట. "మా తాత చిన్నప్పుడు ఆడినయట సార్. నిజాం కాలం నాటియి. వేలకు అమ్ముడుపోతయా?" అని అడిగాడు. డబ్బాలో మెరిసే పిల్లికన్ను గోళీలు పాతిక దాకా ఉన్నాయి. అడుగున రెండు లేత పచ్చని సోడా గోళీలు, ఒక గచ్చకాయ, ఒక పక్క కాస్త నొక్కుకుపోయిన మట్టి గోళీ ఉన్నాయి. వాడు మెరిసేవాటిని ఒక వరుసలో పేర్చి, అడుగున ఉన్నవాటిని కాగితంలో చుట్టి పారవేయబోయాడు. ఆపి, మట్టి గోళీని వాడి చేతిలో పెట్టి చూడమన్నాను. కాల్చకముందు పచ్చిమట్టిని ఉండ చేసిన అరచేతి గీతలు దాని మీద సన్నగా కనిపించాయి. "ఇవి మా తాత చేతియేనా సార్?" అన్నాడు. ఇంటికి పోయి తాతనే అడుగుమన్నాను. మరునాడు వచ్చి, అవి తాతవి కావనీ, తాత అన్నవనీ, ఆయన చిన్ననాటనే చనిపోయాడనీ చెప్పాడు. ధర సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పేర్లను చూచి కూడా మోసపోరాదు. నల్లని గాజుపై రంగు చారలున్న ఒక రకాన్ని పాశ్చాత్య సేకర్తలు 'ఇండియన్' అని పిలుస్తారు. అది జర్మనీలో చేతితో చేసిన గోళీ. దానికీ మన దేశానికీ సంబంధం ఆ పేరొక్కటే. కావ్యాల పరిష్కరణలో ప్రక్షిప్త పద్యాలను ఏరివేసేవారికి ఈ జాగ్రత్త అలవాటే. కవి పేరు తగిలించి ఉన్నంతమాత్రాన పద్యం ఆ కవిది కాదు గదా.

ఇక తెలుగువారికి అందరికంటె దగ్గరి గోళీ సోడాబుడ్డిలోనిది. దీనిని గురించి కాస్త వివరంగా చెప్పుకోవడం న్యాయం. హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో ఈ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. సీసా మెడలోపల ఒక గాజు గోళీ ఉంటుంది. మూతి లోపలి అంచున ఒక రబ్బరు వలయం ఉంటుంది. నీటిలో వాయువును ఎక్కించి సీసాను తలకిందులు చేస్తే గోళీ జారి రబ్బరు మీద కూర్చుంటుంది. సీసాను నిలబెట్టినా లోపలి వాయువు ఒత్తిడి దానిని అక్కడే నొక్కిపట్టి ఉంచుతుంది. బిరడా లేదు, మైనం లేదు. మూయవలసిన వాయువే మూతను బిగించి పట్టుకొంటుంది! వ్రేలితోనో చెక్క మీటతోనో గోళీని లోపలికి నొక్కగానే కీచుమనే శబ్దంతో వాయువు వెలికి వస్తుంది. త్రాగేటప్పుడు గోళీ మళ్ళీ మూతికి అడ్డుపడకుండా మెడలో రెండు నొక్కులు ఉంటాయి. సీసాను ఆ నొక్కుల వైపు వంచితే గోళీ అక్కడ ఆగిపోతుంది. చదువులేని పిల్లవానికి సైతం ఏ వైపు వంచాలో తెలుసు.

ఈ సీసా మన ఊళ్ళలోకి వచ్చి మన భాషలో స్థిరపడింది. మందమైన కళ్ళద్దాలు పెట్టుకున్నవారిని సోడాబుడ్డి అని ఆటపట్టించని బడి తెలుగుదేశంలో లేదు. బస్టాండులో, తిరునాళ్ళలో, సినిమాహాలు ముందు, చేతితో తిప్పే యంత్రం పక్కన చెక్క పెట్టెలలో ఈ సీసాలు వరుసగా ఉండేవి. ఒకే సీసాను మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు. మూత పోతుందనే భయం లేదు. ఇనుప మూతల సీసాలు, ఆపైన ప్లాస్టిక్ సీసాలు విరివిగా వచ్చిన తరువాత గోళీసోడా వెనుకబడింది. అయినా పూర్తిగా పోలేదు. ఉత్తరప్రదేశ్‌లోని సాస్నీలో ఈ సీసాలు తయారయ్యాయి. జపానులో రామునే అనే పానీయం ఈనాటికీ ఇటువంటి సీసాలోనే దొరుకుతుంది. 2025 మార్చిలో 'గోళీ పాప్ సోడా' అనే పేరుతో మన గోళీసోడా గల్ఫ్ దేశాలకు ఎగుమతి అవుతున్నట్లు కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ ప్రకటించింది.

గోళీ కోసం సీసాను పగులగొట్టడం ఇంగ్లండు పిల్లలకూ మన పిల్లలకూ సమానమైన అలవాటు. అందువల్లనే అక్కడ పాత కాడ్ సీసాలు చెక్కుచెదరకుండా దొరకడం అరుదు. సీసాతో ఉన్న గోళీ తన ఉపయోగాన్ని తానే చెబుతుంది. సీసా మీద ఉబ్బెత్తు అక్షరాలలో సోడా ఫ్యాక్టరీ పేరో, ఊరి పేరో ఉంటే అది కావ్యంలోని గద్యవంటిదే. పగులగొట్టి తీసిన గోళీ మాత్రం లేత పచ్చని మామూలు గుండు. దానిలో రంగు తీగ ఉండదు, మెలి ఉండదు. అటువంటి గోళీని చూచి ఇది సోడాబుడ్డిలోనిదై ఉంటుందని అనుకోగలమేగాని ఏ ఊరి సోడాబుడ్డో ఎవరూ చెప్పలేరు. పాత సీసా దొరికినప్పుడు గోళీని బయటికి తీయాలనే ఆశను అణచుకోవడం సేకర్తకు మొదటి నిగ్రహం.

పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పగటి వెలుతురు, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఫిజిక్స్ ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్, చిన్న త్రాసు ఉంటే చాలు. గోళీని మూడు దిక్కుల నుండి కొలవాలి. యంత్రపు గోళీలో మూడు కొలతలూ దాదాపు కలుస్తాయి. చేతితో చేసినదానిలో కొద్ది తేడా రావడం సహజం. ఆ తరువాత తూచాలి. 16 మిల్లీమీటర్ల గాజు గోళీ దాదాపు 5.4 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణంలో ఏక్రిలిక్ ప్లాస్టిక్ గుండు దాదాపు రెండున్నర గ్రాములే తూగుతుంది. గాజు కాని వస్తువును గాజుగా అమ్మేవారిని త్రాసు ఇట్టే పట్టిస్తుంది. తరువాత గోళీని నెమ్మదిగా తిప్పుతూ రెండు కొసలను వెతకాలి. గరుకు మచ్చా, 9 వంటి సుడా, కత్తిరింపు గీతా, లేక ఏమీ లేవా అన్నది చూడాలి. పిమ్మట దీపానికి ఎదురుగా పట్టి లోపలి బుడగలను, తీగలు పోయే దారిని పరిశీలించాలి.

నకిలీ నోట్లను పరీక్షించే అతినీలలోహిత దీపం కింద కొన్ని పాత గోళీలు పచ్చగా వెలుగుతాయి. గాజులో స్వల్పంగా యురేనియం కలపడం ఒకప్పుడు వాడుక. ఆ వెలుగు దానివల్ల వస్తుంది. మాంగనీసు ఉన్న గాజు కూడా మందంగా వెలుగుతుంది. యురేనియం గాజు తరువాతి కాలంలోనూ తయారైంది. కాబట్టి వెలిగిందని పాతదనలేము, వెలగలేదని కొత్తదనలేము. ఈ దీపానికి మన సేకర్తలు ఇవ్వవలసినదానికంటె ఎక్కువ గౌరవం ఇస్తున్నారని నా అభిప్రాయం. ఐదు నిమిషాల ఓపికతో భూతద్దం చెప్పగలిగినంత అది చెప్పలేదు.

గోళీమీది దెబ్బలను కూడా చదవాలి. ఆటలో గోళీకి గోళీ తగిలినప్పుడు పైపొర కింద నెలవంకవంటి చిన్న పగులు ఏర్పడుతుంది. ఒంటినిండా నెలవంకలున్న గోళీ ఎన్నో ఆటలు ఆడినది. ధర చూచేవారికి అది లోపం. ఆ గోళీ ఎవరి చేతిలో తిరిగిందని అడిగేవారికి అదే సాక్ష్యం. కొందరు ఇటువంటి గోళీలను సానపట్టి కొత్తగా మెరిపించి అమ్ముతారు. సానపడితే నెలవంకలతోపాటు తొడిమ మచ్చ కూడా అరిగిపోతుంది. చేతితో చేసినదో యంత్రం చేసినదో చెప్పే ముఖ్యమైన గుర్తు దానితో మాయమవుతుంది. మురికి ఉంటే గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి కడిగి మెత్తని గుడ్డతో తుడవడం మేలు. సలసల కాగే నీరు పోయరాదు. గాజు హఠాత్తుగా వేడెక్కితే పాత పగులు పెరిగి గోళీ రెండుగా చీలవచ్చు.

శేరిగూడ, ఇబ్రహీంపట్నం పరిసరాలలో సాగర్ రోడ్డు పొడవునా ఊళ్ళ రూపం వేగంగా మారుతున్నది. మట్టి గోడల గూనపెంకల ఇళ్ళు కూల్చి కొత్త భవనాలు కడుతున్నారు. పాత ఇంటి గూళ్ళు, అటకలు, సందుగలు ఖాళీ అయ్యేది ఆ ఒక్కరోజే. ఇత్తడి బిందెను ఎవరూ పారవేయరు. రేకు డబ్బాలోని గోళీలు మాత్రం శిథిలాలతోపాటు ట్రాక్టరులోకి ఎక్కుతాయి. ఆ రోజు ఇంట్లో ఉన్న పిల్లవాడు గోళీలను ఏరి పెట్టుకోవచ్చు. అంతటితో సగమే పని అయినట్లు. ఇవి ఎవరివి, ఎక్కడ కొన్నారు, ఏ ఆట ఆడారు అని చెప్పగల పెద్దవారు ఇంట్లో ఉండగానే అడగాలి. గాజు వందేళ్ళు ఆగుతుంది. చెప్పేవారు ఆగరు.

అడిగినదాన్ని వెంటనే చీటీమీద వ్రాసి గోళీతోపాటు చిన్న సంచిలో ఉంచాలి. ప్రతి గోళీకి ఒక సంఖ్య, ఒక చీటీ ఉండాలి. గోళీమీద సిరాతో వ్రాయరాదు, జిగురు కాగితం అంటించరాదు. చూచినదాన్ని, విన్నదాన్ని, ఊహించినదాన్ని విడివిడిగా వ్రాయాలి. నమూనాగా ఒక చీటీ ఇలా ఉండవచ్చు: "సంఖ్య 7. లేత ఆకుపచ్చ గాజు, రంగు తీగలు లేవు. కొలతలు 16.1, 16.0, 16.1 మి.మీ. బరువు 5.4 గ్రా. తొడిమ మచ్చ లేదు, నెలవంకలు ఆరు. దొరికిన చోటు: పడమటింటి గూడు, రేకు డబ్బా. నాయనమ్మ చెప్పినది: జాతరలో పగిలిన సోడాబుడ్డి నుండి చిన్నతాత తెచ్చాడు. ఊహ: సోడా గోళీ కావచ్చు. ఏ ఊరి జాతరో నాయనమ్మకు గుర్తులేదు, మేనత్తను అడగాలి."